తొక్కు చెట్టు పండు

2017 జూన్ నెల. తొలకరి రెండు వానలు పడ్డాయి. ఎల్లారెడ్డి దాటి కామారెడ్డి వైపు వచ్చే రోడ్డు పక్కన, అర ఎకరం జాగాలో పచ్చ నెట్ కింద నా నర్సరీ ఉంటుంది. జూన్‌లో నాకు ఊపిరి సలపదు. పండ్ల మొక్కలు కావాలనుకునే వాళ్లందరూ ఆ పదిహేను రోజుల్లోనే వస్తారు. వచ్చిన ప్రతి ఒక్కరికీ బస్సుకు టైమైపోతూ ఉంటుంది. అట్లాంటి ఒక పొద్దున నాగిరెడ్డిపేట వైపు నుంచి భార్యాభర్తలిద్దరు వచ్చారు. ఆయన సంచిలోంచి పండిన మామిడి పండ్లు తీసి నా టేబుల్ మీద పెట్టాడు.

“గీ పండు కోసి చూడు” అన్నాడు.

అంటుకట్టే కత్తితోనే కోశాను. కండంతా నీరు కారిపోయి ఉంది. తెల్లటి సన్న పురుగులు టేబుల్ మీద పడి ఎగిరెగిరి పడుతున్నాయి. అట్లా ఎగిరాయంటే అవి ఫ్రూట్ ఫ్లై పిల్లలే. తెలుగులో పండు ఈగ అంటాం. కాయ పక్వానికి వస్తున్నప్పుడు తల్లి ఈగ తోలు కింద గుడ్లు పెట్టి పోతుంది. పైకి కనబడేది ఒక చుక్క మాత్రమే. పండు కోసేదాకా లోపలి సంగతి తెలియదు. అందుకే తోట బేరగాళ్లకు ఈ ఈగ పేరు చెప్తేనే గుండె దడ.

ఆయన పేరు రాంరెడ్డి. మా నాన్న ఆయన వయసు వాళ్లను పటేలా అని పిలిచేవాడు. నేను అన్నా అంటాను. “నాలుగేండ్ల సంది ఇదే కథ” అన్నాడు. “ఎర డబ్బాలు కట్టిన, మందులు కొట్టిన. బేరగాడు తోట కాడికి వచ్చి వాపస్ పోతున్నడు. ముప్పై రెండు చెట్లు. మిషన్ పెట్టి కోపిచ్చి మడి చేసుకుంట. పోచారం కాలువ నీళ్లున్నయి, వరి ఏసుకుంటే ఎవని గడ్డం పట్టుకునుడు ఉండది.”

ఆయన భార్య పేరు సత్తెమ్మ. ఆయన అటు మొక్కలు చూడటానికి పోగానే నా దగ్గరికి జరిగింది.

“నేను కాపురానికొచ్చిన ఏడు పెట్టిన చెట్లు సునీతా. కాలువ కాడి నుంచి బిందెలతోని నీళ్లు మోసి బతికిచ్చిన. పురుగు పట్టని రకం ఏదన్న ఉంటే చెప్పు, చెట్లు కొట్టుడు మాత్రం వద్దు.”

పురుగు పట్టని రకం. ఈ మాట నేను ఇరవై రెండేళ్లుగా వింటున్నాను. కిరాణా షాపులో రాళ్లు లేని బియ్యం అడిగినట్టు అడుగుతారు. మొదట్లో నాకు కోపం వచ్చేది. పురుగు అంటే ఒక్కటా? పూత మీద వాలి రసం పీల్చి పూతనంతా మాడ్చే తేనెమంచు పురుగు ఒకటి. మొదలును తొలుచుకుంటూ పోయేది ఒకటి. టెంకలో దాక్కునేది ఇంకొకటి. ఒకదాన్ని తట్టుకున్న రకం ఇంకొకదానికి విందు భోజనం. ఏ పురుగూ ముట్టని మామిడి రకం భూమ్మీద లేదు. ఉన్నదల్లా తక్కువ పట్టే రకం, ఎక్కువ పట్టే రకం. తోలు మందంగా ఉండి ఈగ గుడ్లు పెట్టే ముల్లు దిగని రకాలు కొన్ని. ఈగల గుంపు పెరిగేలోపు పండి చేతికొచ్చే తొలి రకాలు కొన్ని. ఇవన్నీ చెప్తే వినే ఓపిక ఎవరికీ ఉండదు. కానీ సత్తెమ్మ విన్నది. విని, “మరి మాకేది మంచిదో నువ్వొచ్చి చూసి చెప్పు” అన్నది.

మరుసటి వారం పోయాను. తోటంతా నీలం రకం. నీలం మంచి పండే, కాని ఆలస్యంగా పండుతుంది. జూన్ చివర్లో, వానలు పడి ఈగలు మస్తుగా లేచిన సమయంలో చెట్ల మీద పండ్లు ఉండేది వాళ్ల తోటలోనే. చుట్టుపక్కల ఈగలన్నిటికీ ఇంకో చోటు లేదు. రోగం ఏమిటో నాకు అర్థమైంది. మందు కూడా తెలుసు. దాన్ని టాప్ వర్కింగ్ అంటారు. పెరిగిన చెట్టును మొదలంటా కొట్టకుండా పైకొమ్మలు కోసి, వచ్చిన కొత్త చిగుళ్లకు ఇంకో రకం అంటు కట్టడం. వేర్లు పాతవే, పండు కొత్తది. నాలుగో ఏట కాపు చూడొచ్చు.

ఇంతవరకు నేను తప్పు చేయలేదు. తప్పు చేసింది ఆ తర్వాత, వాళ్లింట్లో చాయ్ తాగుతున్నప్పుడు.

వాళ్ల పెరట్లో ఒక పెద్ద నాటు మామిడి చెట్టు ఉంది. ఇద్దరు చేతులు కలిపినా అందని మొదలు. ఆకుల మీద మచ్చ లేదు, మొదలు మీద తొర్ర లేదు. కింద నేల తుడిచినట్టు శుభ్రంగా ఉంది. దాని నీడలో మంచం వేసుకుని రాంరెడ్డి తల్లి ఎల్లవ్వ కూర్చుని ఉంది.

“అవ్వా, ఈ చెట్టుకు పురుగు పడతదా?” అని అడిగాను.

“ఏ పురుగు బిడ్డా? నేను ఈ ఇంట్ల అడుగుపెట్టి అరవై ఏండ్లాయె. దీనికి ఒక్క పురుగు కాయ చూడలే.”

“ఈ ఏడు కాయలు అయిపోయినయా?”

“తొక్కు పెట్టినం గద” అన్నది. తొక్కు అంటే మా వైపు మామిడికాయ పచ్చడి.

ఆ మాట నా చెవిన పడింది. పడి అటు నుంచి అటే పోయింది. ఎందుకంటే అప్పటికే నా మనసు ఎక్కడో ఉంది. అంటుకట్టేవాళ్లకు ఒక దురాశ ఉంటుంది. ఎవరూ గుర్తించని తల్లి చెట్టు ఒకటి తనకు దొరకాలని. అరవై ఏళ్లుగా మందు వాసన చూడకుండా, ఇదే నేలలో, ఇవే ఈగల మధ్య మచ్చ లేకుండా నిలబడ్డ చెట్టు! బయటి నుంచి ముందే పండే బంగినపల్లి తెచ్చే పనేముంది, మందు ఇంటి పెరట్లోనే ఉంది కదా అనుకున్నాను. నా సంతోషం నేను దాచుకోలేదు. సత్తెమ్మ ముఖం కూడా వెలిగింది.

రాంరెడ్డి మాత్రం నా వైపు కాసేపు చూసి, “చేస్తే అన్ని చెట్లకు చెయ్యి. సగం సగం పని నాకు నచ్చది” అన్నాడు. “మంచి కాపు వచ్చేదాక చూస్త. గప్పటికి కూడ గిట్లనే ఉంటే నీ మాట వినను, నా పెండ్లాం మాట వినను.”

ముందు నాలుగు చెట్లకు కట్టి చూద్దాం అనాల్సింది. అనలేదు. అంటే ఆయన మిషన్ పిలుస్తాడని భయం ఒకటి. నా మీద నాకున్న నమ్మకం ఇంకొకటి. నిజం చెప్పాలంటే రెండోదే ఎక్కువ.

మరుసటి ఫిబ్రవరిలో ముప్పై రెండు చెట్ల తలలు తీశాం. కోసిన చోటల్లా మందు పూశాం. ఆ నాలుగు రోజులు సత్తెమ్మ తోట వైపే రాలేదు. వానలకు మొద్దుల నిండా చిగుళ్లు వచ్చాయి. జూలైలో ఎల్లవ్వ చెట్టు నుంచి అంటు పుల్లలు తెచ్చి కట్టాను. ఈ పుల్లను సయాన్ అంటాం. వేలెడంత పొడవుంటుంది, కాని తల్లి చెట్టు గుణమంతా అందులోనే ఉంటుంది. కొత్త ఆకులు ఎర్రగా విచ్చుకున్న రోజు సత్తెమ్మ వచ్చి చెట్టు చెట్టునూ ముట్టి చూసింది. “మళ్ల పసిపిల్లలైనయి” అన్నది.

నేను అక్కడితో ఆగలేదు. అవే పుల్లలతో నర్సరీలో కూడా అంట్లు కట్టి, ‘పురుగు పట్టని నాటు’ అని చీటీ కట్టి అమ్మాను. నలభై మొక్కల దాకా పోయాయి. చీటీ రాసిన చెయ్యి నాదే.

2021 జూన్‌లో సత్తెమ్మ ఫోన్ చేసింది. అది మొదటి పెద్ద కాపు. నేను సంతోషంగా “ఎట్లున్నయి అక్కా పండ్లు?” అన్నాను. “ఒక్కసారి వచ్చిపో” అన్నది. ఫోన్ పెట్టేసింది. పొద్దున మొదటి బస్సుకే పోయాను.

పెరట్లో రెండు గంపల పండ్లున్నాయి. ఎవరూ కోసి చూపించలేదు. నేనే కత్తి తీసి కోశాను. ఒకటి, రెండు, ఐదు. నాలుగేళ్ల కింద నా టేబుల్ మీద ఎగిరిన పురుగులే ఇక్కడా ఎగిరాయి.

“మిషనోనికి చెప్పిన” అన్నాడు రాంరెడ్డి. కోపంగా అంటే తట్టుకునేదాన్ని. మామూలుగా అన్నాడు. “ఐతారం వస్తడు.”

సత్తెమ్మ గోడకు ఆనుకుని నిలబడింది.

నా బుర్ర సాకులు వెతకడం మొదలుపెట్టింది. కింది వేరు నీలం కాబట్టి గుణం మారిందేమో. కాని వేరు మారితే చెట్టు పొడుగు మారుతుంది, జోరు మారుతుంది. పండు గుణం ఇంతగా మారదు. అది నాకు తెలుసు. ఈ ఏడు వానలు ముందొచ్చాయేమో. మరి తల్లి చెట్టుకు ఎందుకు పట్టలేదు? తలెత్తి ఆ చెట్టును చూశాను. నాలుగేళ్ల కింద చూసినట్టే ఉంది. ఒక్క కాయ లేదు. ఎల్లవ్వ అదే మంచం మీద, అదే నీడలో ఉంది. ఆమె పక్కన కూలబడి, ఏం అడగాలో తెలియక అడిగాను.

“అవ్వా, ఈ చెట్టు పండు తియ్యగుంటదా, పుల్లగుంటదా?”

ఎల్లవ్వ నా ముఖంలోకి చూసింది. “ఏమో బిడ్డా. నేను తినలే.”

“అరవై ఏండ్లల ఒక్క పండు కూడ తినలేదా?”

“పండనిస్తే గద!”

అప్పుడు చెప్పింది ఆ ఇంటి పద్ధతి. ఎండలు ముదిరిన తర్వాత, వాన మొగులు కమ్మకముందే ఒక దినం చూసి ఆడబిడ్డలందరికీ కబురు పంపుతారు. ఆ రోజు చెట్టెక్కి, అందనివి చిక్కం కట్టిన గడతో తెంపి, పెరడంతా కాయలు కుప్ప పోస్తారు. అక్కడే ముక్కలు కొట్టి తొక్కు పెట్టి, ఎవరి వాటా వాళ్లకు జాడీల్లో ఇచ్చి పంపుతారు. చెట్టు మీద ఒక్క కాయ మిగలనియ్యరు. మిగిలితే ఆ ఇంటి ఆడబిడ్డలకు వాటా తక్కువ పెట్టినట్టు. ఎల్లవ్వ అత్త అట్లనే చేసింది, ఎల్లవ్వా అట్లనే చేసింది. రాలిన పిందెలు కూడా ఏ పూటకు ఆ పూట ఏరి పప్పులో వేస్తారు.

ఈగ వచ్చేది కాయ రంగు తిరిగేటప్పుడు. అప్పటికి ఆ చెట్టు మీద ఈగ వాలడానికి ఏమీ ఉండేది కాదు. అరవై ఏళ్లుగా ఆ చెట్టు ఏ ఈగనూ గెలవలేదు. దానికి పరీక్షే జరగలేదు. ఎల్లవ్వ నాకు అబద్ధం చెప్పలేదు. తొక్కు పెట్టినం గద అని సత్యం కూడా ఆ రోజే చెప్పింది. నేను వినలేదు.

లేచి రాంరెడ్డి ముందు నిలబడి ఉన్నదంతా చెప్పాను. “తప్పు నాది అన్నా. చెట్టుది కాదు, అవ్వది కాదు. అడగాల్సిన మాట అడగకుండ మీ ముప్పై రెండు చెట్ల తలలు తీసిన.”

ఆయన, “అంటే నువ్వు మా తొక్కు జూసి పండు కథ చెప్పినవన్నట్టు” అన్నాడు. నవ్వుతున్నాడో తిడుతున్నాడో నాకు తెలియలేదు. నాకు ఏడుపొచ్చింది. నలభై దాటిన మనిషిని, పరాయి పెరట్లో నిలబడి కొంగుతో కండ్లు తుడుచుకున్నాను.

ఆ ఏడుపులోనే ఒక మాట తట్టింది. అది తెలివి కాదు, ఎల్లవ్వ చెప్పిందే. “అన్నా, ఈ చెట్లను కూడ అవ్వ చేసినట్టే చెయ్యి. పండనియ్యకు. మొగులు కమ్మకముందే మొత్తం కాయ దించు. ఒక్క కాయ మిగిలినా ఈగకు తావు దొరుకుతది.”

“గిన్ని తొక్కు కాయలు ఎవడు కొంటడు?”

గోడ దగ్గరి నుంచి సత్తెమ్మ అందుకుంది. “ఊరూరు కొంటది. ఇయ్యాల ఎంతమంది ఇండ్లల్ల చెట్టుంది? మా అవ్వగారింట్ల కూడ లేదు. మన ఆడిబిడ్డలు ఎక్కడెక్కడి నుంచో ఈ కాయ కోసం వస్తలేరా? పుల్లగ, గట్టిగ ఉంటది, ఏడాదైన ముక్క మెత్తవడది. నువ్వే అంటవు గద అన్నం తినుకుంట.”

రాంరెడ్డికి పళ్లెంలో తొక్కు లేకుండా ముద్ద దిగదట. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. ఆయన గంపల వైపు చూశాడు, చెట్టు వైపు చూశాడు, చివరికి జేబులోంచి ఫోన్ తీసి మిషన్ అతనికి ఆదివారం రావద్దని చెప్పాడు. “ఒక్క కాత” అని నా వైపు వేలు చూపించాడు.

“ఇంకోటి అడుగుత, ఏమనుకోవద్దు” అన్నాను. “వచ్చే ఏడు అవ్వ చెట్టు మీద పది కాయలు ఇడిసిపెట్టుండ్రి. పండినంక చూద్దాం. ఇగ నా మాట నమ్మకుండ్రి, కండ్లతోని చూసి నమ్ముండ్రి.”

ఎల్లవ్వ ఒప్పుకోలేదు. “కాయ మిగిలితే ఆడిబిడ్డలు ఏమనుకుంటరు?” అన్నది. “నేను చెప్పుకుంట తియ్యి అత్తా” అన్నది సత్తెమ్మ.

నాకింకో పని మిగిలింది. ‘పురుగు పట్టని నాటు’ కొన్నవాళ్లందరి ఇండ్లకు పోయి చెప్పడం. కామారెడ్డిలో ఇద్దరు, బిచ్కుంద దగ్గర ఒక మరాఠీ కుటుంబం, మిగిలినవాళ్లు చుట్టుపక్కల ఊళ్లవాళ్లు. కొందరు ఇంకా నాటని మొక్కలు వెనక్కి ఇచ్చారు. ఒకాయన వాకిట్లోకి కూడా రానివ్వలేదు. ఎక్కువమంది మాత్రం, ఆ సరే, తొక్కుకే పెట్టుకుంటం అన్నారు. ఆ నెలంతా నేను బస్సుల్లోనే తిరిగాను. సిగ్గుగానే ఉండింది కాని, ఆ సిగ్గు మంచిదే అయింది. అప్పటి నుంచి ఎవరైనా మా చెట్టుకు పురుగు రాదు అంటే నేను వెంటనే నమ్మను, కాదని కూడా అనను. ఏ పురుగు అని అడుగుతాను. కాయ ఎప్పుడు దించుతారని అడుగుతాను. దాని పండు తిన్నది ఎవరో ఒకసారి పిలవమంటాను.

మరుసటి ఏడు మే నెలలో రాంరెడ్డి తోట కాయ మొత్తం నాలుగు రోజుల్లో దిగింది. ట్రాలీ కామారెడ్డి మార్కెట్‌కు పోయేలోపే సగం కాయ దారిలోని ఊళ్లలోనే పోయింది. కోసిన కాయల్లో ఎక్కడా పురుగు లేదు. అంత కాయ తెంపినా చెట్లకు అలుపు లేదు. రాంరెడ్డి నాకు ఫోన్ చేయలేదు. ఒక జాడీ తొక్కు మాత్రం బస్సు డ్రైవర్ చేతికిచ్చి పంపాడు.

జూన్‌లో నేనే పోయాను, పెరటి చెట్టు మీద వదిలిన పది కాయలు చూడటానికి. రెండింటిని చిలకలు తినేశాయి. మిగిలిన ఎనిమిది పళ్లెంలో పెట్టి ఎల్లవ్వ మంచం ముందు కోశాను. ఆరింటిలో పురుగులున్నాయి. నేను చెప్పిందే నిజమైంది, కాని అందులో నాకేం గొప్ప అనిపించలేదు. ఏడోది సగం బాగుంది. ఎనిమిదోది పూర్తిగా బాగుంది. పసుపు కాదు, నారింజ కాదు, ఆ మధ్య రంగు. పీచు ఎక్కువ. వాసన పెరడంతా పరుచుకుంది.

ఎల్లవ్వకు పళ్లు లేవు. పెద్ద ముక్క నోట్లో పెట్టుకుని చప్పరించింది. రసం మణికట్టు దాకా కారింది, తుడుచుకోలేదు.

“ఇంత తియ్యగుంటదా ఇది?” అన్నది చివరికి. “అరవై ఏండ్లు దీన్ని పుల్లది పుల్లది అని పేరు పెట్టిన.”

సత్తెమ్మ నవ్వుతూ కండ్లొత్తుకుంది. రాంరెడ్డి తల్లి ముందు గొంతుక్కూర్చుని, “వచ్చే ఏడు కూడ పది ఇడిసిపెట్టమంటవా అవ్వా?” అని అడిగాడు.

“ఇరవై ఇడువుండ్రి” అన్నది ఎల్లవ్వ. “పురుగు తినంగ మిగిలినయి నేను తింట.”

ఇప్పటికీ ఆ రకం అంట్లు నా నర్సరీలో ఉన్నాయి. చీటీ మాత్రం మార్చాను. తొక్కు మామిడి. వానలకు ముందే కోయాలి. పండనిస్తే పురుగు పడుతుంది, కాని తియ్యగా ఉంటుంది.